ఆకు కోత నెలలో వారంటు

నేను రిటైరై మూడేళ్ళు దాటింది. ఇప్పటికీ మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు "మేడమ్, ఈ ఫారం ఒకసారి చూడండి" అని వాట్సాప్‌లో పంపుతుంటారు. చూస్తాను. గడులు చక్కగా ఉంటాయి, రంగులు కూడా వేస్తారు. బాగుందమ్మా అంటాను. అని ఊరుకోలేక, "దీన్ని పట్టుకుని ఊళ్ళ మీద పడే ముందు ఒక్క మనిషితోనైనా కూచుని ఊరికే మాట్లాడారా?" అని అడుగుతాను. టైం లేదు మేడమ్ అంటారు. నాకూ ఉండేది కాదు. టైం లేక నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. మా ఇంట్లో వాళ్ళకు కూడా పూర్తిగా చెప్పలేదు. మీకు చెప్తే కొంత పనికొస్తుందని, నాకు కొంత బరువు తగ్గుతుందని రాస్తున్నాను.

అప్పుడు నా పోస్టింగు కొత్తగూడెంలో. భార్యాభర్తలు విడిపోయాక, బిడ్డ పోషణకు తండ్రి నెలనెలా ఇంత ఇవ్వాలని కోర్టు ఆర్డరు వేస్తుంది కదా. ఆర్డరు వేయడం ఒక ఎత్తు, ఆ డబ్బు తల్లి చేతికి రావడం ఒక ఎత్తు. వసూలు సంగతి చూడడానికి ఒక చిన్న విభాగం పెట్టి నన్ను దాని మీద కూచోబెట్టారు. ఏడాది తిరిగాక, ఇది ఏ మాత్రం పనిచేస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది, ఏం మార్చాలి అని పరిశీలించి రిపోర్టు ఇమ్మన్నారు. అదీ నన్నే. వంట నన్నే చేయమని, రుచీ నన్నే చెప్పమన్నట్టు.

బొగ్గుబాయిల్లో పర్మినెంటు ఉద్యోగం చేసే తండ్రులతో పెద్ద ఇబ్బంది లేదు. కోర్టు కాగితం వెళ్తే జీతంలోనే కోసి తల్లి ఖాతాలో వేస్తారు. మొదటి నెల నన్ను తిట్టుకునేవాళ్ళు, రెండో నెలకు మర్చిపోయేవాళ్ళు. వ్యాపారస్తులు మాత్రం గట్టివాళ్ళు. ఒకాయన నోటీసు అందిన వారానికే షాపు తమ్ముడి పేర మార్చి, తమ్ముడి దగ్గర గుమాస్తాగా చేస్తున్నానని అఫిడవిట్టు ఇచ్చాడు. అలాంటివాళ్ళ వెంట పడి వసూలు చేయడమంటే నాకు సరదాగా కూడా ఉండేది. నాకు కోపం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. ఆ ఉద్యోగానికి రెండూ పనికొచ్చాయి.

తేడా వచ్చిందల్లా అడవి వైపు. భద్రాచలం దాటి లోపలికి వెళ్ళే కొద్దీ నా పట్టికలో సున్నాలే సున్నాలు. ఆ సున్నాలను చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అందులో ఒక సున్నా గురించే ఈ కథంతా. తల్లి జూలూరుపాడులో చిన్న గది కిరాయికి తీసుకుని ఉండేది. మిరప తోటల్లో కాయ ఏరడానికి పోయేది. మూడో తరగతి చదివే కూతురు ఒక్కతే. తండ్రిది గోదావరి అవతల, అడవిలో ఒక కోయగూడెం. వాళ్ళు పెద్దమనుషుల ముందే గొడవ లేకుండా విడిపోయారు. ఆ తర్వాత అతను మరో మనువు చేసుకున్నాడు. ఆ ఏడాది బిడ్డను చూడడానికి రాలేదు. ఇక రాడేమోనని భయపడి ఈమె ఏదో న్యాయ సహాయ శిబిరంలో అర్జీ రాయించింది. కోర్టు నెలకింత అని ఆర్డరు వేసింది. అతను కోర్టులో ఒక్క రూపాయి కట్టలేదు.

నా ఫారంలో పద్దెనిమిది గడులు. ఆమె గది ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని గబగబా నింపాను. "కోర్టు ద్వారా ఇప్పటిదాకా ఏమైనా అందిందా?" అని అడిగాను. "లేదు మేడం" అంది. సున్నా వేశాను. ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది. నేను పేజీ తిప్పాను.

జనవరిలో గూడెం వెళ్ళి అతన్ని చూశాను. సన్నటి మనిషి, మాట తక్కువ. మంచం వాల్చి, మంచినీళ్ళు ఇచ్చాడు. కొట్టం ముందు ఎర్రటి ఎద్దుల జత ఉంది. ఎందుకు కట్టడం లేదయ్యా అంటే, "ఆకైనంక ఇస్త" అన్నాడు. నెలనెలా ఇవ్వాలి కదా అన్నాను. మళ్ళీ అదే మాట, "ఆకైనంక ఇస్త". రేపు, మాపు అనే మొగవాళ్ళను నా సర్వీసులో బస్సుల కొద్దీ చూశాను. ఇతనూ ఆ బాపతే అనుకున్నాను. ఎద్దులున్నాయి కాబట్టి "స్తోమత ఉంది" అనీ, మాట దాటేస్తున్నాడు కాబట్టి "ఉద్దేశపూర్వకంగా ఇవ్వడం లేదు" అనీ రాసుకొచ్చాను. అతను తేదీ చెప్పాడని, అది నాకు తెలిసిన క్యాలెండర్లో లేదని నాకు తట్టలేదు.

రిపోర్టు మే నెల మధ్యలో ఇవ్వాలి. సున్నాలతో ఇవ్వడం నాకు నామోషీ. కట్టని తండ్రుల మీద వారంట్లు అడుగుతూ తల్లుల తరఫున అర్జీలు తయారుచేయించాను. జూలూరుపాడు వెళ్ళి ఆమె చేత సంతకం పెట్టించింది నేనే. "ఏంది మేడం ఇది?" అంది. "నీ డబ్బులు నీకు రావడానికి" అన్నాను. ఆ ఒక్క ముక్కే చెప్పాను. పోలీసు స్టేషన్ల చుట్టూ నేనే తిరిగి, ఏప్రిల్ నెలాఖరుకల్లా వారంట్లన్నీ అమలు కావాలని వెంటపడ్డాను. ఆ కోయగూడెం తండ్రిని అడవి దారిలో, నెత్తిన ఆకు మూటతో పట్టుకున్నారు. డబ్బు కట్టేదాకా, లేదంటే నెల రోజులు జైలు. నెలవారీ రివ్యూలో మా విభాగానికి చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టుకున్నాను.

ఆమె మే మొదటి వారంలో ఆఫీసుకు వచ్చింది. మధ్యాహ్నం, రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ. మా కూలర్ గాలి కన్నా చప్పుడు ఎక్కువ ఇచ్చేది. ఆమె కూచోలేదు. టేబుల్ అంచు పట్టుకుని నిలబడింది.

"నా బిడ్డ తండ్రిని జైల ఏపిచ్చినవట గదా?"

"నేను కాదమ్మా, కోర్టు వేసింది. నువ్వు పెట్టిన అర్జీ మీదనే."

"నేను పైసలకు పెట్టిన. మనిషిని పట్టుకొమ్మని పెట్టలే."

"నీ కోసమే కదా నేను ఇంత తిరిగింది! ఆయన నీకు ఇన్నాళ్ళూ ఒక్క రూపాయి ఇవ్వలేదని నువ్వే చెప్పావు."

"కోర్టుల ఏసిండా అని అడిగినవ్. ఎయ్యలే అన్న. ఏమిచ్చిండని నువ్వెప్పుడు అడిగినవ్?"

అప్పుడు చెప్పింది. మరో మనువు చేసుకున్న ఆ ఒక్క ఏడాది తప్ప, ఏటా వేసవి సెలవులకు తండ్రి వచ్చి బిడ్డను గూడెం తీసుకుపోతాడు. బీడీలు చుట్టే తునికాకు కోత మూడు వారాలు, మహా అయితే నాలుగు. పొద్దున చీకటి ఉండగా అడవికి పోయి ఆకు కోసుకొస్తారు. పగలంతా నీడన కూచుని యాభై ఆకులకొక కట్ట కడతారు. సాయంత్రం ఆకు కొనే కల్లంలో అప్పజెప్తారు. ఆ పిల్ల యాభై దాకా లెక్క తండ్రి పక్కన కూచుని అక్కడే నేర్చుకుంది. ఆకు పని అయిపోయాక ఆ డబ్బుతో ఏడాదికి సరిపడా బియ్యం, బట్టలు, బడి సామాను, ఆరు నెలల గది కిరాయి, అన్నీ తెచ్చి దింపి పోతాడు. చేతిలో డబ్బు ఆడేది ఏడాదిలో ఆ నెలే. ఆ నెలలోనే నేను అతన్ని లోపల కూచోబెట్టించాను.

"పైసల సంగతి ఎట్లనో అట్లయితది," అంది ఆమె. "బిడ్డతోటే నాకు బుగులు. దినాం మూట సదురుకొని గడపల కూసుంటాంది. అయ్య మల్ల మర్సిండా అని అడుగుతాంది. ఆ ఏడు గూడ గిట్లనే కూసున్నది. ఇప్పుడిప్పుడే మర్సింది. ఏం చెప్పాలె నేను? జైల ఉన్నడని చెప్పాల్నా?"

పక్క టేబుల్ మా సీనియర్ అసిస్టెంటుది. తడిపిన చేతిరుమాలు నెత్తి మీద పరుచుకుని పని చేసుకునే పెద్దమనిషి, నోట్లో నాలుక లేనట్టుండేవాడు. ఆయన తల ఎత్తకుండానే అన్నాడు.

"మేడమ్, ఆకు నెలల అడివోళ్ళను పట్టుకునుడంటే వరికోతల నాడు రైతును పట్టుకున్నట్టే."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదా సార్!" అని అరిచాను. నా కోపం ఎవరి మీదనో ఒకరి మీద పడాలి కదా.

"మీరు నాకు డ్రాఫ్టిచ్చి టైపు తప్పులు చూడుమన్నరు. చూసిన. టైపు తప్పుల్లేవ్."

చిన్నప్పుడు వేసవుల్లో ఆయనా ఆకు కట్టలు కట్టినవాడేనట. ఈ విభాగానికి రాకముందు నుంచీ, పదేళ్ళు ఆయన పక్కన కూచుని పనిచేశాను. నాకు ఆ సంగతి తెలియదు. అదీ నేను ఏ గడిలోనూ అడగలేదు.

ఆ రోజు సాయంత్రం దాకా నాలో నేను వాదించుకున్నాను. తప్పని ఒప్పుకుంటే చప్పట్లు కొట్టినవాళ్ళ ముందు తల వంచాలి. ఊరుకుంటే మూడు వారాలకు అదే సర్దుకుంటుంది, నా రిపోర్టులో వారంటు అమలైనట్టు ఉంటుంది, ఎవరూ అడగరు. ఊరుకుందామనే చాలాసేపు అనుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ మూట పక్కన పెట్టుకుని గడపలో కూచున్న పిల్ల కళ్ళ ముందు నుంచి పోలేదు.

మర్నాడే లాయరు చేత కాగితం రాయించాం. డబ్బుకు గడువు ఇవ్వడానికి తనకు సమ్మతమే, తండ్రిని వదిలిపెట్టండి అని తల్లి అడిగినట్టు. అది విచారణకు రావడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులు నేను ఆకాశం చూస్తూ గడిపాను, మబ్బు పట్టకుండా ఉంటే చాలని. కోర్టులో జడ్జిగారు కళ్ళద్దాల మీది నుంచి చూసి, "అర్జెంటు అర్జెంటని ఈ వారంటు కోసం వెంటపడింది మీ ఆఫీసే కదమ్మా?" అన్నారు.

"అవును సార్. తప్పు నాది. ఏ నెలలో పట్టుకోవాలో తెలియకుండా పట్టించాను."

కోర్టు హాల్లో ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. సంతకం పెట్టారు.

ఆర్డరు పట్టుకుని నేను, ఆమె భద్రాచలం బస్సెక్కాం. సబ్‌జైలు గేటు దగ్గర అతను బయటికి వచ్చాడు. నన్ను చూసి ముఖం తిప్పుకోలేదు, పలకరించనూ లేదు. ఆమెనే అడిగాడు.

"కల్లం ఇంకా నడుస్తాందా?"

"నడుస్తాంది. ఉరుకు."

"బిడ్డేది?"

"రానన్నది. నీ మీద కోపమున్నది. మర్సినవనుకుంటాంది."

"జైలని చెప్పినవా?"

"చెప్పలే."

"చెప్పకు," అన్నాడు. "బడి పిల్ల. సోపతోళ్ళు నవ్వుతరు." అని బస్‌స్టాండు వైపు నిజంగానే ఉరికాడు.

మర్నాడు మధ్యాహ్నం గాలివాన వచ్చింది. వడగళ్ళు పడ్డాయి. చిల్లులు పడ్డ ఆకు, తడిసిన ఆకు ఎవరూ కొనరు. కల్లాలు ఆ రోజే మూసేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు కదా, నా విషయంలో పట్టుకోవడానికి ఆకులు కూడా మిగల్లేదు. ఆఫీసు కిటికీలో నిలబడి ఆ వాన చూస్తూ ఏడ్చాను. మా సీనియర్ అసిస్టెంటు టీ తెప్పించి నా టేబుల్ మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి పోయాడు.

రిపోర్టు గడువు దాటించి మళ్ళీ రాశాను. ఈసారి ఫారం పట్టుకుపోలేదు. మా సీనియర్ అసిస్టెంటును వెంటబెట్టుకుని ఒక్కో తల్లి దగ్గరికీ వెళ్ళి, "ఏడాదిలో ఎప్పుడు, ఏం ఇస్తాడు?" అని మాత్రం అడిగాను. ఎక్కువగా ఆయనే అడిగాడు. ఆయన అడిగితే వాళ్ళు చెప్పేవాళ్ళు. కొందరు తండ్రులు ఆకు డబ్బుల్లో ఇస్తున్నారు, కొందరు పత్తి అమ్మాక ఇస్తున్నారు, ఒకాయన మేకపిల్లను ఇచ్చి పోయాడు. అందరూ మంచివాళ్ళే అనుకునేరు, కాదు. ఏ నెలలోనూ, ఏ రూపంలోనూ ఏమీ ఇవ్వని మహానుభావులు అడవిలోనూ ఉన్నారు. వాళ్ళ మీద వారంట్లు అలాగే ఉంచాను. జీతం లేని తండ్రికి నెలవారీ కాకుండా, ఆకు అయ్యాక ఒకసారి, పత్తి అయ్యాక ఒకసారి కట్టే వీలు అడగాలనీ, తల్లి చేతికి నేరుగా ఇచ్చినదానికి అక్కడికక్కడే రసీదు రాసి లెక్కలోకి తీసుకోవాలనీ, ఆకు నెలలో ఎవరినీ పట్టుకోవద్దనీ రాశాను. నా తప్పు కూడా రాశాను. అది మాత్రం పై ఆఫీసులో ఎవరో కొట్టేశారు, "అనవసరం" అని. మిగతాది కొంత ఒప్పుకున్నారు, కొంత ఫైళ్ళలో నిద్రపోతోంది.

జూన్‌లో బళ్ళు తెరిచిన వారం, ముగ్గురూ ఆఫీసుకు వచ్చారు. తండ్రి ముందు, తల్లి వెనక. పిల్ల మాత్రం గుమ్మం దగ్గరే తల్లి కొంగు పట్టుకుని, అతనికి వీపు పెట్టి నిలబడింది. బొద్దుగా, రెండు జడలతో, మూతి ముడుచుకుని. అతను చొక్కా జేబులోంచి మడతపెట్టిన నోట్లు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"బిడ్డవి. రాసుకో."

"గడువు ఇచ్చారు కదయ్యా. ఇప్పుడే ఎందుకు? ఇది ఎక్కడిది?"

"ఒక ఎద్దును అమ్మిన."

"మరి దుక్కి ఎట్లా?"

"పక్కింటోళ్ళకు ఒక్కటున్నది. జత కడతం. వాళ్ళ చేను ముందుగాల, నాది ఎనక." ఏదో చిన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు. "నేను ఆగుత గాని బడి ఆగదు గదా."

వర్షాధారం చేలో వెనక దున్నడమంటే అదను తప్పి పంట తగ్గడమేనని అడవి పక్కన పనిచేసిన నాకు ఆపాటికి తెలుసు. ఆ ఎద్దు ధర నేను ఇస్తానన్నాను. నోరు జారి అన్న మాట కాదు, నిజంగానే ఇద్దామనుకున్నాను. "నీ పైసలు నా బిడ్డకెందుకు?" అన్నాడు. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

నోట్లు తల్లికి అందించి రసీదు రాశాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చదువు రాదు. గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"మేడం, ఇంకో కాయితం రాస్తవా? బిడ్డ నాతోని మాట్లాడ్త లేదు. నేను మర్వలేదని రాయి. నేను చెప్తె ఇంటలేదు. కాయితంల ఉంటె నిజమంటది. జైలని మాత్రం రాయకు."

ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వేల కాగితాలు రాసుంటానో! అంత జాగ్రత్తగా ఏదీ రాయలేదు. మూడో తరగతి పిల్ల కూడబలుక్కునే మాటలు వెతుక్కుని, పెద్ద పెద్ద అక్షరాలతో నాలుగు వాక్యాలు రాశాను. కింద సంతకం పెట్టాను. మా సీనియర్ అసిస్టెంటు అడగకుండానే లేచి వచ్చి ఆఫీసు ముద్ర వేశాడు. అలా వేయడం నిబంధనలకు విరుద్ధం. ఆయనకు నాకంటే బాగా తెలుసు.

పిల్లను పిలిచి కాగితం ఇచ్చాను. తల్లి కొంగు వదలకుండానే వచ్చి, అక్షరం అక్షరం వేలు పెట్టుకుంటూ పైకి చదివింది.

"మీ... అయ్య... నిన్ను... మర్చి... పోలేదు. ఈ ఎండా... కాలం... నీ కోసం... రావాలను... కున్నాడు. రాకుండా... ఆపింది... ఆఫీసు మేడం. అది... మేడం... చేసిన... తప్పు."

చదవడం అయ్యాక ముద్రను వేలితో తడిమింది. తర్వాత తల ఎత్తి నన్ను చూసింది.

"నువ్వేనా?"

"అవ్ బిడ్డా. నేనే."

"ఎందుకాపినవ్?"

అఫిడవిట్టు పెట్టిన షాపు ఆసామికి జవాబు చెప్పగలిగాను, జడ్జిగారికి చెప్పగలిగాను. ఆ పిల్లకు చెప్పడానికి నాకు ఒక్క మాట దొరకలేదు. నా అవస్థ చూసి తండ్రే అందుకున్నాడు.

"తెల్వక చేసింది బిడ్డా. పోనియ్."

ఆ పిల్ల పోనివ్వలేదు. నా మీంచి కళ్ళు తీయకుండానే తల్లి కొంగు వదిలేసి, రెండడుగులు వెనక్కి నడిచి, తండ్రి చూపుడు వేలు పట్టుకుంది.